కుర్రాళ్ల టీమ్‌ని కాపాడుకోవాలా, సీనియర్లకి మార్చేసుకోవాలా: ఏది మేలు?

ఫ్యాంటసీ బాస్కెట్‌బాల్ అంటే ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) ఆటగాళ్లతో ఊహా జట్టు కట్టి, వాళ్ల నిజమైన ఆట లెక్కలతో మిత్రులతో పోటీపడే ఆట. అందులో ఏటేటా అదే జట్టుని ఉంచుకునే రకం డైనస్టీ లీగ్. అలాంటి లీగ్‌లో రెండు మూడు డ్రాఫ్టులు (కొత్త ఆటగాళ్లని వరసగా ఎంచుకోవడం) బాగా కుదిరాక ప్రతి మేనేజర్‌కీ ఈ పరిస్థితి వస్తుంది. రోస్టర్‌లో (జట్టు జాబితాలో) సగం మందికి పాతికేళ్లు నిండలేదు, పట్టికలో మాత్రం అయిదో స్థానమో ఆరో స్థానమో. అప్పుడు పై స్థానంలో ఉన్న మిత్రుడి నుంచి మెసేజ్ వస్తుంది: "మామా, మోబ్లీనీ డైసన్ డేనియల్స్‌నీ ఇచ్చెయ్, హార్డెన్‌నీ లెబ్రాన్‌నీ తీసుకో. ఈ ఏడే కప్పు నీది."

అతను అడిగిన ఇద్దరూ కుర్రాళ్లు, ఇస్తానన్న ఇద్దరూ సీనియర్లు. ఒప్పుకోవాలా? పన్నెండు టీమ్‌లు, తొమ్మిది కేటగిరీలు (పాయింట్లు, అసిస్ట్‌లు, స్టీల్స్ లాంటి లెక్కలు, దేనికది విడిగా గెలవాలి), వారం వారం ముఖాముఖి పోటీ ఉన్న లీగ్ అనుకుని తూచి చూద్దాం.

సీనియర్ల పక్షాన ఉన్న బలం తక్కువేమీ కాదు. 2024-25 సీజన్ మధ్యలో లెబ్రాన్‌కి 40 ఏళ్లు నిండాయి. అయినా 70 మ్యాచ్‌లు ఆడి సగటున 24.4 పాయింట్లు చేశాడు. హార్డెన్ 35 ఏళ్ల వయసులో 79 మ్యాచ్‌లు ఆడాడు, మ్యాచ్‌కి 8.7 అసిస్ట్‌లు (సహచరుడు బుట్టలో వేయడానికి దారితీసే పాసులు). కర్రీ కూడా 70 ఆడాడు, ఫ్రీ త్రోలు (ఫౌల్ జరిగాక అడ్డు లేకుండా వేసేవి) నూటికి తొంభై పైనే వేశాడు. అదే సీజన్‌లో వెంబన్యామా కుడి భుజంలో రక్తం గడ్డకట్టి 46 మ్యాచ్‌ల దగ్గర ఆగిపోయాడు. చెట్ హోమ్‌గ్రెన్ తుంటి ఎముక విరిగి 32 మాత్రమే ఆడాడు. జయాన్ విలియమ్సన్ 30. కాబట్టి కుర్రాళ్లయితే గాయాల బెడద ఉండదన్న వాదనతో యువ జట్టుని వెనకేసుకు రావద్దు. మొదటి ప్రశ్నకే ఆ వాదన కూలిపోతుంది. సీనియర్లంటే నిలకడ అన్నదీ పూర్తి నిజం కాదనుకోండి: అదే ఏడాది ఎంబీడ్ 19 మ్యాచ్‌లు, పాల్ జార్జ్ 41.

నేను యువ జట్టు వైపు నిలబడటానికి అసలు కారణం వయసు కాదు, కేటగిరీల్లో ఉన్న కరువు. పాయింట్లు చేసేవాడు సీజన్‌లో ఎప్పుడో ఒకప్పుడు వేవర్స్‌లో (ఎవరి జట్టులోనూ లేని ఆటగాళ్ల జాబితాలో) దొరుకుతాడు. ఒక ఎన్‌బీఏ టీమ్‌లో గార్డ్ (బంతి నడిపే ఆటగాడు) గాయపడితే వారం పాటు బెంచ్ మీది మనిషి పద్దెనిమిదీ ఇరవై పాయింట్లు చేసేస్తాడు. స్టీల్స్ (ప్రత్యర్థి నుంచి బంతి లాక్కోవడం), బ్లాక్స్ (షాట్‌ని అడ్డుకోవడం) అలా దొరకవు. డేనియల్స్ 2024-25లో 229 స్టీల్స్ చేశాడు, మ్యాచ్‌కి మూడు. అతనొక్కడుంటేనే చాలా వారాల్లో ఆ కేటగిరీ దాదాపు మన చేతిలో ఉన్నట్టు. మోబ్లీ అదే ఏడాది డిఫెన్సివ్ ప్లేయర్ ఆఫ్ ది ఇయర్. ఈ ఇద్దర్నీ ఇచ్చేస్తే అసిస్ట్‌లు పెరుగుతాయి, ఫ్రీ త్రో శాతం మెరుగవుతుంది. ఒప్పుకుంటాను. డేనియల్స్ ఫ్రీ త్రోలు నూటికి అరవై కూడా పడవు. కానీ గెలుస్తున్న రెండు కేటగిరీలు పోగొట్టుకుని, ఎలాగూ వదిలేసుకున్న ఒక కేటగిరీకి మెరుగులు దిద్దుకోవడం ఏ లెక్కన లాభం? టర్నోవర్లు (బంతి పోగొట్టుకోవడాలు) తగ్గుతాయన్న ఆశ కూడా వద్దు. కుర్రాడైన కేడ్ కనింగ్‌హామ్ మ్యాచ్‌కి 4.4 సార్లు బంతి పోగొట్టుకుంటే, హార్డెన్‌దీ దాదాపు అంతే. అది వయసుతో వచ్చేది కాదు, బంతి ఎంతసేపు చేతిలో ఉంటే అంతగా వచ్చేది.

ఇంకోటి క్యాలెండర్. మన లీగ్ ప్లేఆఫ్స్ (ఆఖరి నాకౌట్ పోటీలు) సాధారణంగా మార్చి రెండో సగంలో మొదలై ఏప్రిల్ తొలి రోజుల్లో ముగుస్తాయి. అప్పటికి పైనున్న ఎన్‌బీఏ జట్లు పెద్ద వయసు స్టార్లకి విశ్రాంతి ఇవ్వడం మొదలుపెడతాయి. కింద ఉన్న జట్లు కుర్రాళ్లని ముప్పై అయిదు నిమిషాలు ఆడిస్తాయి. అక్కడ ఫామ్‌లో ఉన్న ఆటగాడికీ భరోసా లేదు: 2025 మార్చిలో లౌరీ మార్కనెన్‌ని ఆడించనందుకు యూటా జాజ్ జట్టుకి ఎన్‌బీఏ లక్ష డాలర్ల జరిమానా వేసింది. హైదరాబాద్‌లో తెల్లవారుజామున లేచి లైనప్ సరిచూసుకునేవాళ్లకి ఆ వారాల్లో "ఈ రోజు ఆడడు" అన్న నోటిఫికేషన్ ఎవరి పేరు మీద ఎక్కువగా వస్తుందో బాగా తెలుసు.

ఓపికకి ఫలితం దక్కిన ఉదాహరణ అసలు లీగైన ఎన్‌బీఏలోనే ఉంది. 2019 జులైలో క్లిప్పర్స్ జట్టు పాల్ జార్జ్ కోసం షే గిల్జస్-అలెగ్జాండర్‌నీ బోలెడు ఫస్ట్ రౌండ్ పిక్స్‌నీ (డ్రాఫ్ట్ తొలి రౌండ్‌లో ఆటగాణ్ని ఎంచుకునే హక్కులు) ఓక్లహోమా సిటీ జట్టుకి ఇచ్చేసింది. షేకి అప్పుడు 20 ఏళ్లు. ఆ పిక్స్‌లో ఒకటి 2022లో జేలెన్ విలియమ్స్ అయింది. 2025లో షే ఎంవీపీ (సీజన్‌లో అత్యంత విలువైన ఆటగాడు), ఓక్లహోమా ఛాంపియన్. అయితే మధ్యలో ఆ జట్టు 22-50, 24-58 (గెలుపులు-ఓటములు) లెక్కలతో రెండు సీజన్లు మునిగింది. ఇక్కడే జాగ్రత్తగా ఆలోచించాలి. ఎన్‌బీఏ జట్టు ఎక్కడికీ పోదు, మన లీగ్ పోవచ్చు. డల్లస్‌లో ఒకడు, బెంగళూరులో ఒకడు, పెళ్లిళ్లు, పిల్లలు, ఉద్యోగాలు... నలుగురు మానేస్తే లీగే మూతపడుతుంది. అందుకే మూడేళ్లకి మించిన ప్రణాళికని నేను నమ్మను.

ఆ మూడేళ్ల గడువే ఎవర్ని ఉంచుకోవాలో, ఎవర్ని వదులుకోవాలో తేలుస్తుంది. కుర్రాళ్లందరినీ ఒకే గాట కట్టకూడదు. నిమిషాలు సంపాదించుకున్న కుర్రాడు వేరు, పేరు మాత్రమే ఉన్న కుర్రాడు వేరు. డేనియల్స్ న్యూ ఓర్లీన్స్‌లో 2023-24లో ఇరవై రెండు నిమిషాలు ఆడి ఆరు పాయింట్ల లోపే చేశాడు. అట్లాంటా వెళ్లి ముప్పై మూడు నిమిషాలు దాటగానే మోస్ట్ ఇంప్రూవ్డ్ ప్లేయర్ అయ్యాడు. 2020లో రెండో పిక్‌గా వచ్చిన జేమ్స్ వైజ్‌మన్ పేరుని పట్టుకుని కూర్చున్నవాళ్లకి మాత్రం ఏళ్లు గడిచాయి గానీ ఏమీ దక్కలేదు. ఇక వచ్చే ఏడాది, ఆపై ఏడాది పిక్స్ గురించి కలలు కనడమంటే ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. పిక్‌కి అత్యధిక ధర పలికేది ఆ కుర్రాడు కోర్టులో అడుగు పెట్టకముందే. అమ్మాలంటే అప్పుడే అమ్మాలి.

అందుకని మిత్రుడికి ఇలా జవాబిస్తాను: మోబ్లీ, డేనియల్స్ ఈ ట్రేడ్‌లో లేరు. హార్డెన్ ఒక్కడు కావాలి. బదులుగా వచ్చే ఏడాది నా ఫస్ట్ రౌండ్ పిక్, బెంచ్ మీద పదిహేను నిమిషాలు ఆడుతున్న రెండో ఏడాది గార్డ్. ఒప్పుకుంటే నాకు అసిస్ట్‌లు వస్తాయి, స్టీల్స్, బ్లాక్స్ చెక్కుచెదరవు. ఒప్పుకోకపోతే డిసెంబర్ వరకు ఆగుతాను. అప్పటికి మన లీగ్‌లో ఆఖరి మూడు స్థానాల్లో ఉన్నవాళ్లకి 35 దాటిన ఆటగాళ్లతో పని ఉండదు, ఇదే ధరకి వాళ్ల దగ్గర ఇంకా మంచి మనిషి దొరుకుతాడు.