చిన్న ఫ్రీలాన్స్ ఆదాయానికి సుగమ్ ఫారం: ఒక సమీక్ష

ఉద్యోగం చేస్తూనే తీరిక వేళల్లో వెబ్‌సైట్లు తయారుచేసో, ఇంజినీరింగ్ డ్రాయింగులు గీసో ఏడాదికి కొన్ని వేలు సంపాదించేవారు ఇప్పుడు చాలామందే ఉన్నారు. అటువంటివారికి ఆదాయపు పన్ను శాఖ ఈ-ఫైలింగ్ పోర్టల్‌లోని ఐటీఆర్-4, అంటే సుగమ్ ఫారం, చాలావరకు సరిపోతుంది. దాఖలుకు రుసుము లేదు కనుక, ఏజెంటుకు డబ్బు ఇచ్చేముందు దీనిని ఒకసారి తెరిచి చూడడం మంచిది.

లాగిన్ అయ్యేసరికి జీతం, బ్యాంకు వడ్డీ, కోసిన టీడీఎస్ (చెల్లించేవారు ముందే మినహాయించి ప్రభుత్వానికి కట్టే పన్ను) చాలావరకు ముందే నింపి ఉంటాయి. టీడీఎస్ కోయని క్లయింట్లు ఇచ్చిన సొమ్మును మాత్రం బ్యాంకు స్టేట్‌మెంటు చూసి మనమే చేర్చాలి. పన్ను శాఖ చూపే మన వార్షిక ఆదాయ వివరాల పట్టిక అయిన ఏఐఎస్‌లో కనిపించనంత మాత్రాన అది పన్ను పరిధిలోకి రాని ఆదాయం అయిపోదు. ఉద్యోగులకు అలవాటైన ఐటీఆర్-1లో వృత్తి ఆదాయానికి చోటే లేదు.

ఈ ఫారంలో నాకు బాగా నచ్చినది ఆదాయపు పన్ను చట్టంలోని సెక్షన్ 44ఏడీఏ అమలు. రాబడిలో సగాన్ని లాభంగా చూపితే చాలు, ఖర్చుల రసీదులు అక్కరలేదు. ఉదాహరణకు 2024-25లో 6,60,000 జీతం, 90,000 ఫ్రీలాన్స్ రాబడి ఉండి, క్లయింటు పది శాతం చొప్పున 9,000 టీడీఎస్ కోశాడనుకుందాం. తక్కువ రేట్లు, తక్కువ మినహాయింపులు ఉండే కొత్త పన్ను విధానంలో 75,000 ప్రామాణిక తగ్గింపు పోగా మిగిలిన జీతానికి 45,000 కలిపితే 6,30,000 అవుతుంది. అది 7 లక్షల లోపే కాబట్టి సెక్షన్ 87ఏ కింద ఇచ్చే రిబేటుతో (పన్ను మాఫీతో) పన్ను సున్నా అయి, ఆ 9,000 రీఫండుగా వస్తుంది. 2025-26 ఆదాయానికైతే ఈ రిబేటు పరిమితి 12 లక్షలకు పెరిగింది.

అయితే 44ఏడీఏ అందరికీ కాదు. ఇంజినీరింగ్, ఐటీ, న్యాయం, వైద్యం, ఆర్కిటెక్చర్ వంటి నిర్దిష్ట వృత్తులకే అది వర్తిస్తుంది. సినిమాకు సంభాషణలు రాసేవారు ఆ జాబితాలో ఉన్నారు, పుస్తకాలు అనువదించేవారి పేరు లేదు. ఇటువంటి సందేహాన్ని ఫారం తీర్చదు. వృత్తి కోడ్ ఎంచుకోమని మాత్రమే అడుగుతుంది. ఇక్కడ మాత్రం చార్టర్డ్ అకౌంటెంటుకు ఇచ్చే ఫీజు దండుగ కాదు.

అంతకంటే పెద్ద చిక్కు పన్ను విధానం ఎంపికలో ఉంది. జీతం మాత్రమే ఉన్నవారు పాత, కొత్త విధానాల మధ్య ఏటా మారవచ్చు. వృత్తి ఆదాయం ఎంత చిన్నదైనా వచ్చి చేరితే, పాత విధానం కోరేవారు గడువులోగా ఫారం 10-ఐఈఏ విడిగా దాఖలు చేయాలి. ఒకసారి కొత్త విధానానికి తిరిగి వచ్చాక, ఆ ఆదాయం కొనసాగినంత కాలం పాత విధానానికి మళ్లీ వెళ్లే వీలుండదు. ఇంటి అద్దె, 80సీ (పొదుపు, బీమా వంటివాటిపై) మినహాయింపుల కోసం పాత విధానంలోనే ఉన్న ఉద్యోగికి తొంభై వేల రాబడి తెచ్చే ఈ కట్టుబాటు పెద్ద బరువే. సుగమ్ ఆ ఫారం వివరాలు అడుగుతుందే తప్ప ఈ పర్యవసానాన్ని ముందుగా విడమరచి చెప్పదు. నా దృష్టిలో ఈ సేవకు ఇదే ప్రధాన లోపం.

షేర్లు అమ్మి స్వల్పకాలిక లాభం పొందినవారికి, విదేశీ ఆస్తులున్నవారికి ఈ ఫారం పనికిరాదు. వారు ఐటీఆర్-3కి వెళ్లాలి. మిగిలినవారు రిటర్ను పంపాక 30 రోజుల్లోగా ఆధార్ ఓటీపీతోనో, నెట్ బ్యాంకింగ్ ద్వారానో ధ్రువీకరించాలి.