రాబర్ట్ స్మాల్స్ ఊరు బ్యూఫర్ట్: ఏం చూడాలి, ఎక్కడ ఉండాలి

అమెరికాలో సవానా, చార్ల్స్టన్ చూడటానికి వెళ్లే మనవాళ్లు మధ్యలో ఉన్న బ్యూఫర్ట్‌లో ఆగడం తక్కువ. సౌత్ కరోలినాలోని ఈ చిన్న ఊరికి ఒక రోజు తప్పకుండా ఇవ్వాలి. ఇక్కడే 1839లో బానిసగా పుట్టాడు రాబర్ట్ స్మాల్స్.

1862 మే 13 తెల్లవారుజామున కెప్టెన్ టోపీ పెట్టుకుని, ప్లాంటర్ అనే కాన్ఫెడరేట్ (బానిసత్వం కోసం అమెరికా నుంచి విడిపోయిన దక్షిణ రాష్ట్రాల) ఓడను చార్ల్స్టన్ కోటల ముందు నుంచే నడిపించి, భార్యాపిల్లలతో సహా బయటపడ్డాడు. ఈ కథ చాలామందికి తెలుసు. ఆ తర్వాత ఆయన రాష్ట్ర శాసనసభలో, రాష్ట్ర సెనేట్‌లో, అమెరికా కాంగ్రెస్‌లో చేసిన పని గురించే ఎవరూ పెద్దగా మాట్లాడరు. 1868లో రాష్ట్ర రాజ్యాంగం రాసేటప్పుడు పిల్లలందరికీ ఉచిత బడి కావాలని పట్టుబట్టాడు.

మేం ఎక్కిన గుర్రబ్బండి టూర్‌లో కూడా అంతే. గైడ్ మేడల స్తంభాల గురించి చాలా చెప్పాడు, స్మాల్స్ గురించి ఒక్క ముక్కతో సరిపెట్టాడు. డబ్బు దండగ అనిపించింది. నడిచి చూడటమే మేలు. ప్రిన్స్ స్ట్రీట్‌లో ఆయన బానిసగా పెరిగి, తర్వాత పన్ను బకాయిల వేలంలో తనే కొనుక్కున్న ఇల్లు ఉంది. అది ప్రైవేటు ఇల్లు, రోడ్డు మీద నుంచే చూడాలి.

క్రేవెన్ స్ట్రీట్‌లో పాత ఫైర్ స్టేషన్‌లో నేషనల్ పార్క్ వాళ్ల విజిటర్ సెంటర్ ఉంది, ప్రవేశం ఉచితం. రేంజర్‌ని 1895 గురించి అడగండి. నల్లవాళ్ల ఓటు తీసేయడానికే కొత్త రాష్ట్ర రాజ్యాంగం రాసిన ఆ సభలో నల్లజాతి ప్రతినిధులు ఆరుగురే. ఓడిపోతామని తెలిసినా స్మాల్స్ నిలబడి వాదించాడు. తన జాతికి ప్రత్యేక రక్షణ అక్కర్లేదు, బతుకు పోరాటంలో సమాన అవకాశం చాలన్న ఆయన మాట, అదే వీధిలోని టాబర్నకిల్ బాప్టిస్ట్ చర్చి ఆవరణలో, ఆయన సమాధి దగ్గరున్న విగ్రహం కింద చెక్కి ఉంది. నేను ఎక్కువసేపు ఉన్నది అక్కడే.

నీటి ఒడ్డున ఉన్న పాతకాలపు బసలు అందంగా ఉంటాయి గానీ ఖరీదెక్కువ. కారు ఉంటే హైవే పక్క హోటళ్లు చాలు. శాకాహారులు మైక్రోవేవ్ ఉన్న రూమ్ తీసుకోండి, ఇక్కడి తిండంతా రొయ్యలూ చేపలే. ఎండాకాలంలో ఉక్క, పురుగులు భరించలేం.

సాయంత్రం దాకా టైముంటే వంతెన దాటి సెయింట్ హెలీనా దీవిలోని పెన్ సెంటర్‌కి వెళ్లండి. బానిసత్వం నుంచి విముక్తి పొందినవాళ్ల కోసం 1862లో మొదలైన బడి అది. మ్యూజియం తెరిచి ఉందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.