‘ది శాండ్ పెబుల్స్’ బ్లూ-రే: మాకో కోసం కొనేవాళ్లకు

స్టీవ్ మెక్వీన్ అభిమానులకు ఈ డిస్క్ గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆయనకు ఆస్కార్ నామినేషన్ తెచ్చిన ఒకే ఒక్క సినిమా ఇది, వాళ్లు ఎటూ కొంటారు. ఈ రివ్యూ ఇందులో నటించిన మాకో ఇవమాత్సు కోసం కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లకు. నెల్లూరు, ఒంగోలు కుర్రాళ్లలో ఆయన్ని ఎరిగినవాళ్లు ఎక్కువగా గొంతుతోనే ఎరుగుదురు. ‘అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్’ అనే యానిమేషన్ సీరియల్‌లో టీ కాచి పోస్తూ జూకో అనే కుర్రాడికి బుద్ధి చెప్పే పెదనాన్న ఇరో గొంతు మొదటి రెండు భాగాల్లో ఆయనదే. ఆ గొంతు గల మనిషి వయసులో ఉండగా ఎలా నటించాడో చూడాలంటే ఇదే డిస్క్. కొనండి. అయితే కొనేముందు, పెట్టేముందు కొన్ని సంగతులు చూసుకోవాలి.

సినిమా 1966 నాటిది, దర్శకుడు రాబర్ట్ వైజ్. కథాకాలం 1926. చైనాలో యాంగ్జీ నది మీద తిరిగే శాన్ పాబ్లో అనే అమెరికన్ గన్‌బోటు, అంటే చిన్న యుద్ధనౌక. ఓడలో ఒళ్లు వంచాల్సిన పనులన్నీ చైనా కూలీలవి, నావికులది డ్రిల్లూ దర్జా. ఇంజిన్ గదిలో పెద్ద కూలీ ప్రమాదంలో చనిపోతే అతని స్థానంలోకి పో-హాన్ వస్తాడు. ఆ పో-హానే మాకో. కొత్తగా చేరిన ఇంజినీరు జేక్ హోల్మన్ మెక్వీన్.

డిస్క్ విలువంతా ఆ ఇంజిన్ గదిలోనే ఉంది. కూలీలకు ఏ వాల్వు ఎప్పుడు తిప్పాలో చేతివాటంగా వచ్చు, అది ఎందుకు తిప్పాలో తెలీదు. అందుకని ఏదైనా అలవాటు తప్పి జరిగితే ప్రాణం మీదికొస్తుంది. హోల్మన్ పో-హాన్‌కి చెప్పేది ఆ ‘ఎందుకు’. బాయిలర్ నుంచి వచ్చిన ఆవిరికి సత్తువ ఉంటుంది, పిస్టన్‌ను తోస్తుంది, తోసి తోసి సత్తువ పోయాక చల్లబడి నీళ్లవుతుంది, ఆ నీళ్లు మళ్లీ బాయిలర్‌కే చేరతాయి. మెకానికల్ చదివినవాళ్లకు ఇది మొదటి పాఠం. పో-హాన్‌కి మాత్రం కొత్త లోకం. మాకోకి ఇక్కడ మాటలు గుప్పెడే. విన్నది మింగి, తన మాటల్లో తిరిగి చెప్పి, సరేనా అన్నట్టు చూసి, అది సరేనని తేలగానే ముఖమంతా వెలుగవుతాడు. మెక్వీన్ తగ్గించి నటించే రకం. ఎదుటివాడు ఎక్కువ చేస్తే సీను చెడేది. మాకో ఎక్కడా ఎక్కువ చేయలేదు. రమణారెడ్డి లాంటి నటుణ్ణి కన్న జిల్లా వాళ్లకు రెండు సీన్లలో మనిషిని నిలబెట్టడమంటే ఏమిటో వేరే చెప్పాలా?

తర్వాత పందెం కట్టి పెట్టే బాక్సింగ్ సీను. అక్కడ మాకో ఒళ్లు మాట్లాడుతుంది, దెబ్బ తిన్న ప్రతిసారీ లేచే తీరు వేరు. ఆ తర్వాత పో-హాన్‌కి ఏమవుతుందో ఇక్కడ చెప్పం. పిల్లలతో కూర్చుని చూసే సీను మాత్రం కాదది, బాక్సింగ్ అయ్యాక చిన్నవాళ్లని లోపలికి పంపేయండి. ఈ పాత్రకే ఆయనకు సహాయనటుడిగా ఆస్కార్ నామినేషన్ వచ్చింది. సినిమాకి మొత్తం ఎనిమిది నామినేషన్లు, ఒక్క అవార్డూ రాలేదు.

లోపం కూడా చెప్పాలి. పో-హాన్ మాట్లాడేది విరిగిన ఇంగ్లీషు. ఆనాటి హాలీవుడ్ ఆసియా మనిషికి నిండు వాక్యం ఇచ్చేది కాదు. పైగా చైనా కూలీగా వేసింది 1933లో జపాన్‌లోని కోబెలో పుట్టిన నటుడు. చిత్రకారులైన తల్లిదండ్రులు జపాన్ సైనిక పాలనకు ఎదురు నిలిచి 1939లో అమెరికా వెళ్లిపోతే, యుద్ధం ముగిశాక 1949లో వాళ్ల దగ్గరికి చేరాడు. స్క్రిప్టు ఇవ్వనిది మాకో ఊపిరితో, చూపుతో పూరించాడు. నామినేషన్‌కి ముందే, 1965లో, లాస్ ఏంజెలెస్‌లో మరికొందరు నటులతో కలిసి ‘ఈస్ట్ వెస్ట్ ప్లేయర్స్’ అనే నాటక సంస్థ పెట్టాడు. ఆసియా సంతతి నటులకు నౌకరు, కూలీ, శత్రు సైనికుడు కాని పాత్రలు దొరకాలనే పెట్టాడు. 1989 దాకా అక్కడి నాటకాల బాధ్యత చూసే ఆర్టిస్టిక్ డైరెక్టర్ ఆయనే. పరిషత్తు నాటకాల మీద ప్రాణం పెట్టే ఒంగోలు, నెల్లూరు నాటకసమాజాల వాళ్లకు ఆ శ్రమ ఎలాంటిదో తెలుసు.

ఇక డిస్క్. ఏ దేశాల ప్లేయర్లలో తిరుగుతుందో చెప్పే రీజియన్ గుర్తు, ఏ, బీ, సీ అక్షరాల్లో ఏది ఉందో అట్ట వెనక మొదట చూడండి. మన దేశం బ్లూ-రేకి సీ రీజియన్, అమెరికా ఏ. రీజియన్ లాక్ వేసిన అమెరికా డిస్క్ ఇక్కడి మామూలు ప్లేయర్‌లో తిరగదు, తెర మీద ఒక హెచ్చరిక వచ్చి ఆగిపోతుంది. డీవీడీ అయితే మన నంబరు 5, అమెరికాది 1. సబ్‌టైటిల్స్ ఏ భాషల్లో ఉన్నాయో కూడా అట్ట మీదే ఉంటుంది, తెలుగు ఉంటుందని ఆశపడి కొనకండి.

బొమ్మ 2.35:1 నిష్పత్తిలో ఉంటుంది కాబట్టి టీవీలో పైనా కిందా నల్ల పట్టీలు వస్తాయి. 55 అంగుళాల టీవీలో 27 అంగుళాల ఎత్తుకుగాను బొమ్మకి దక్కేది 20 అంగుళాల పైచిలుకే. తెర నిండాలని రిమోట్‌లో జూమ్ నొక్కితే రెండు పక్కలా కలిపి సుమారు నాలుగో వంతు బొమ్మ ఎగిరిపోతుంది. పక్కలకు పోయిన ఆ భాగంలోనే చాలాసార్లు మాకో ఉంటాడు, ఎందుకంటే మధ్య చోటు మెక్వీన్‌ది. జూమ్ ముట్టుకోకండి. టీవీ సెట్టింగుల్లో కదలికను నున్నగా చేసే ఆప్షన్‌ కూడా ఆపేయండి, లేకపోతే ఫిల్మ్ మీద తీసిన సినిమా సీరియల్‌లా కనిపిస్తుంది.

శబ్దం దగ్గర ఇంకా జాగ్రత్త. బహుళ చానెళ్ల ఆడియోలో మాటలు ఎక్కువగా సెంటర్ స్పీకర్‌కి వెళతాయి. ఆ స్పీకర్ లేని సెట్టులో ఆ చానెళ్లను మిగతా స్పీకర్లలోకి కలపడం సరిగా లేకపోతే ఇంజిన్ రొద పెరిగి మాట మునిగిపోతుంది. ప్లేయర్‌లో ఆడియో అవుట్‌పుట్‌ని స్టీరియో పీసీఎంకి, అంటే రెండు చానెళ్ల మామూలు శబ్దానికి మార్చండి. నైట్ మోడ్ ఉంటే వేయండి, పెద్ద శబ్దానికీ చిన్న శబ్దానికీ తేడా తగ్గుతుంది. హోమ్ థియేటర్ ఉన్నవాళ్లు సెంటర్ స్పీకర్‌ని 2 నుంచి 3 డెసిబెల్స్ పెంచితే చాలు. ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్లలో ఫ్యాన్ ఆపి సినిమా చూడలేం గదా, ఆ గాలి రొదలో మాకో తగ్గుస్వరం వినబడాలంటే ఇవన్నీ అవసరమే. సినిమా మూడు గంటలు దాటుతుంది. కరెంటు పోయి వస్తే కొన్ని ప్లేయర్లు మళ్లీ మొదటికే వెళతాయి, కాబట్టి అప్పుడప్పుడు చాప్టర్ నంబరు చూసి పెట్టుకోండి.

వేరే భాష డబ్బింగ్ ట్రాక్ ఉన్నా ఇంగ్లీషులోనే వినండి. డబ్బింగ్‌ని చిన్నచూపు చూసి అంటున్న మాట కాదిది. నెల్లూరు బాలసుబ్రహ్మణ్యం తెలుగు ‘గాంధీ’లో బెన్ కింగ్‌స్లీకి గొంతిచ్చిన ఘనత మనకుంది. ఆ ‘గాంధీ’ తీసిన రిచర్డ్ అటెన్‌బరో ఈ సినిమాలో ఫ్రెంచీ అనే నావికుడు. కానీ మాకో విషయంలో గొంతు తీసేస్తే మిగిలేది సగమే. 1976లో న్యూయార్క్ నాటకరంగం బ్రాడ్వే మీద ‘పసిఫిక్ ఓవర్చర్స్’ అనే సంగీత నాటకంలో సూత్రధారుడి లాంటి పాత్రకి, అమెరికా నాటక పురస్కారమైన టోనీకి నామినేషన్ తెచ్చింది ఆ గొంతే. 1982 నాటి ‘కోనన్ ది బార్బేరియన్’ని మొదటి నిమిషం నుంచీ నడిపేదీ అదే, అందులో మాంత్రికుడూ ఆయనే, కథకుడూ ఆయనే.

ఈ డిస్క్ తర్వాత ఏది? ‘పెర్ల్ హార్బర్’లో జపాన్ నౌకాదళాధిపతి యమమోటో పాత్ర కోసం డబ్బు పెట్టనక్కర్లేదు, అక్కడ ఆయనకి చేయడానికి పెద్దగా ఏమీ లేదు. 1988లో వచ్చిన ‘ది వాష్’ దొరికితే వదలకండి, భార్య విడిచి వెళ్లిన ముసలి నోబుగా అందులో ప్రధాన పాత్రే ఆయనది. ‘అవతార్’ కొనేవాళ్లు రెండో భాగంలో ‘ది టేల్స్ ఆఫ్ బా సింగ్ సే’ ఎపిసోడ్ ఉందో లేదో చూసుకుని తీసుకోండి. మాకో 2006 జూలై 21న క్యాన్సర్‌తో పోయాడు, ఆ ఎపిసోడ్‌లో ఇరో కథ చివర ఆయన పేరున అంకితం వేశారు. మూడో భాగంలో ఇరోకి గొంతిచ్చింది గ్రెగ్ బాల్డ్విన్. చాలా దగ్గరగా పలికాడు, కథ కోసం అదీ చూడాల్సిందే. మాకో కోసమే అయితే మొదటి రెండు భాగాలు చాలు.