ఆలిస్ గీ సినిమాల డిస్క్: కొనండి, కానీ దీంతో మొదలుపెట్టకండి

తొలినాటి మహిళా దర్శకుల సినిమాలు పోగేసి 2018లో అమెరికాలో విడుదల చేసిన ఆరు డిస్కుల బ్లూరే సెట్, పేరు 'పయనీర్స్: ఫస్ట్ విమెన్ ఫిల్మ్‌మేకర్స్'. లోయిస్ వెబర్, మేబెల్ నార్మండ్, నెల్ షిప్‌మన్ అందరూ ఉన్నారు గానీ నేను రాసేది ఆలిస్ గీ-బ్లాషే ఉన్న మొదటి డిస్క్ గురించే, డబ్బులు పెట్టింది దానికోసమే కాబట్టి.

ముందు 'ఫాలింగ్ లీవ్స్' (1912) పెట్టండి. పావుగంట కూడా ఉండదు. అక్కకి క్షయ, చెట్టు మీద చివరి ఆకు రాలేసరికి పోతుందని డాక్టర్ అన్న మాట చెల్లెలి చెవిన పడుతుంది, ఆ చిన్నపిల్ల రాత్రిపూట తోటలోకెళ్ళి ఆకుల్ని దారంతో కొమ్మలకి కట్టేస్తూ ఉంటుంది. కథ వింటే పక్కా ఏడుపు సినిమా, చూస్తే మాత్రం ఎవరూ గుండెలు బాదుకోరు. లక్ష డాలర్లకు పైగా పెట్టి న్యూజెర్సీలోని ఫోర్ట్ లీలో కట్టుకున్న సొంత సోలాక్స్ స్టూడియోలో 'సహజంగా ఉండండి' అని నటులకి కనిపించేలా పెద్ద బోర్డు పెట్టించిన మనిషి ఈవిడ, ఆ బోర్డు ఊరికే పెట్టలేదని ఈ ఒక్క సినిమాతో తెలుస్తుంది.

'ఎ ఫూల్ అండ్ హిజ్ మనీ' (1912)లో నటులంతా నల్లజాతివాళ్ళే. ఆ రోజుల్లో అది పెద్ద విషయమే, అయినా అప్పటి తెల్లవాళ్ళ వెక్కిరింపు చూపు ఇందులోనూ ఉంది, మొహమాటానికి మెచ్చుకోనక్కర్లేదు. 'ది ఓషన్ వెయిఫ్' (1916) ఫిల్మ్ బాగా పాడైపోయింది, మధ్యలో కొన్ని ముక్కలే లేవు. షెర్లాక్ హోమ్స్‌ని ఆటపట్టించే కామెడీ ఒకసారికి ఓకే.

నా అసలు గొడవ వేరే. ఇందులో ఆమెవన్నీ 1911 నుంచి తీసినవే, అప్పటికే ఆమె బాగా సీనియర్! 1894లో పారిస్‌లో లియోన్ గోమాన్ దగ్గర సెక్రటరీగా చేరి, మరుసటి ఏడు తొలి సినిమాలు తీసిన లూమియేర్ సోదరుల ప్రదర్శన చూసి, జనం ఫ్యాక్టరీ గేటు దాటి రావడం కాదు, ఏదైనా కథ తీద్దామని యజమానిని అడిగితే, ఆఫీసు పని చెడకుండా తీసుకో అన్నాడట. 1906 వరకు గోమాన్ కంపెనీ సినిమాల నిర్మాణమంతా ఆమె చేతిలోనే నడిచింది. టాకీలకి ఇరవై ఏళ్ళ ముందే ఆమె క్రోనోఫోన్ (బొమ్మకి శబ్దం జతచేసే గోమాన్ యంత్రం) కోసం పాట ముందు రికార్డు చేయించి, దానికి నటులు పెదవులు కలుపుతుంటే షూట్ చేసేది, మన సినిమా పాటలు ఇప్పటికీ తీసే పద్ధతి అదే కదా. 1906లో క్రీస్తు జీవితాన్ని 25 దృశ్యాల్లో తీసింది. అదే ఏడాది ఆడామగా పనులు తారుమారు చేసి, మగవాళ్ళు ఇస్త్రీ చేస్తూ పిల్లల్ని చూసుకుంటుంటే ఆడవాళ్ళు కూర్చుని తాగుతూ సిగరెట్లు కాల్చే సినిమా తీసింది, నవ్వాపుకోలేరు. ఇవేవీ ఈ సెట్‌లో లేవు, ఆమె అమెరికా వచ్చాక తీసినవే తీసుకున్నారు. వాటికోసం 2009లో వచ్చిన 'గోమాన్ ట్రెజర్స్' అనే డీవీడీ సెట్ చూడాలి, డబ్బులు ఒక్కదానికే ఉంటే నేనైతే అదే కొనమంటాను.

1920 తర్వాత ఆమె సినిమా తీయలేదు. స్టూడియో పోయి, కాపురం చెడి, 1922లో ఫ్రాన్స్ వెళ్ళిపోయింది. 1927లో తన సినిమాలు వెతుక్కుంటూ అమెరికా వస్తే ఒక్కటీ దొరకలేదు. ఫ్రాన్స్ ప్రభుత్వం లీజియన్ ఆఫ్ ఆనర్ ఇచ్చేసరికి 1953 (మన భానుమతి గారు 'చండీరాణి'ని మూడు భాషల్లో డైరెక్ట్ చేసిన ఏడాది).

అన్నీ మూకీలే, టైటిల్ కార్డులకి స్కూలు ఇంగ్లీషు చాలు. ఇండియాలో ఉన్నవాళ్ళు మాత్రం ఆర్డర్ పెట్టే ముందు రీజియన్ కోడ్ చూసుకోండి, అమెరికా బ్లూరేలది ఎ, మనది సి, అన్ని ప్లేయర్లలో ఆడవు.