‘12 ఇంటర్నేషనల్ సర్టిఫికెట్లు’ ప్యాకేజీ: 45 వేలు కడితే చేతికొచ్చేదేమిటి?

డిజిటల్ మార్కెటింగ్ కోర్సు కోసం ఇన్‌స్టాగ్రామ్‌లో వెతికినా, అమీర్‌పేటలో కరపత్రం అందుకున్నా ఒక మాట తరచూ ఎదురవుతుంది: ‘12 ఇంటర్నేషనల్ సర్టిఫికెట్లు, 100 శాతం ప్లేస్‌మెంట్’. కింద గూగుల్, మెటా, హబ్‌స్పాట్, ఐఎస్ఓ, ఎంఎస్ఎంఈ లోగోలు వరసగా ఉంటాయి. ఫీజు 45 వేలు, ఈ రాత్రిలోపు కడితే 29,999 అంటారు. ఈ సమీక్ష ఏ ఒక్క సంస్థ గురించో కాదు, ఇలా అమ్ముడయ్యే ప్యాకేజీ గురించి. ఇందులో ఏది అసలు, ఏది ఉత్త కాగితం, దేనికి డబ్బు పెట్టొచ్చు అన్నది విడదీసి చూడాలి.

ముందు ఆ పన్నెండూ ఏమిటో లెక్కపెట్టండి. గూగుల్ యాడ్స్‌లో సెర్చ్, డిస్‌ప్లే, వీడియో, షాపింగ్, యాప్స్, మెజర్‌మెంట్ కలిపి ఆరు. వెబ్‌సైటుకు వచ్చేవాళ్ల లెక్కలు చూపే గూగుల్ అనలిటిక్స్‌ది ఒకటి. మార్కెటింగ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ హబ్‌స్పాట్ నడిపే అకాడమీవి ఇన్‌బౌండ్, కంటెంట్, ఈమెయిల్, సోషల్ మీడియా అని నాలుగు. పదకొండయ్యాయి. పన్నెండోది ఆ సంస్థే ప్రింటు తీసి ఇచ్చే ‘మాస్టర్ సర్టిఫికెట్’. మొదటి పదకొండూ ఎవరైనా ఇంట్లో కూర్చుని, ఒక్క రూపాయి కట్టకుండా తెచ్చుకోగలిగినవే. అసలైన సర్టిఫికెట్లనే చూపించి అమ్ముతారు కాబట్టి ఇక్కడ అబద్ధం పట్టుకోవడం కష్టం. ఉచితంగా దొరికేదానికి ధర కట్టడం, పన్నెండోదాన్ని మిగతావాటి పక్కన కూర్చోబెట్టి అదే స్థాయిదని నమ్మించడం, మోసం ఈ రెండు చోట్లే ఉంది.

గూగుల్‌వి తెచ్చుకునే దారి ఇది. గూగుల్ శిక్షణ సైటు స్కిల్‌షాప్‌లో మీ సొంత జీమెయిల్‌తో లాగిన్ అవ్వండి. సంస్థ ఇచ్చిన ఐడీ వాడితే సర్టిఫికెట్ ఆ ఐడీకే అతుక్కుని ఉంటుంది, రేపు వాళ్లు దాన్ని మూసేస్తే మీకేమీ మిగలదు. గూగుల్ యాడ్స్ సెర్చ్ పరీక్షకు 75 నిమిషాలు, దాదాపు 50 ప్రశ్నలు, పాసవ్వాలంటే 80 శాతం రావాలి. తప్పితే ఒక రోజు ఆగి మళ్లీ రాయొచ్చు. పాసైతే సర్టిఫికెట్ ఒక్క ఏడాది చెల్లుతుంది, తర్వాత మళ్లీ రాయాలి. కాబట్టి ‘లైఫ్‌టైమ్ గూగుల్ సర్టిఫికెట్’ అని ఎవరైనా అన్నారంటే, వాళ్లకు విషయం తెలియకపోవాలి, లేదా తెలిసే అబద్ధం ఆడుతుండాలి.

‘పరీక్ష మేమే రాసిపెడతాం, పాస్‌వర్డ్ ఇవ్వండి’ అనే చోట నుంచి వెంటనే లేచి రండి. ఆ జీమెయిల్‌కే మీ బ్యాంకు మెయిళ్లూ వస్తాయి, మిగతా ఖాతాల పాస్‌వర్డు మార్చే లింకులూ వస్తాయి. పైగా ఇంటర్వ్యూలో క్వాలిటీ స్కోరు (ప్రకటన నాణ్యతకు గూగుల్ వేసే మార్కు) దేన్ని బట్టి వస్తుందని అడిగితే, క్లిక్ వచ్చే అవకాశం, ప్రకటన ఆ వెతుకులాటకు ఎంత సరిపోయింది, ల్యాండింగ్ పేజీ (క్లిక్ చేస్తే తెరుచుకునే పేజీ) అనుభవం అనే మూడు ముక్కలు చెప్పలేని వాళ్లను ఏ సర్టిఫికెటూ కాపాడదు.

లోగోల్లో బాగా పనిచేసేది ‘గూగుల్ పార్ట్‌నర్’ బ్యాడ్జి. చూసినవాళ్లు గూగుల్ ఈ సంస్థకు పాఠాలు చెప్పే అధికారం ఇచ్చిందనుకుంటారు. ఆ బ్యాడ్జి ప్రకటనలు నడిపే ఏజెన్సీలకు ఇచ్చేది. దానికి కావలసినవి మూడు: ప్రకటన ఖాతాను ఎంత బాగా సర్దారో చెప్పే ఆప్టిమైజేషన్ స్కోరు 70 శాతం ఉండాలి, 90 రోజుల్లో 10,000 డాలర్ల ప్రకటన ఖర్చు నడిపి ఉండాలి, ఖాతాలు చూసే సిబ్బందిలో సగం మందికి సర్టిఫికేషన్ ఉండాలి. శిక్షణ నాణ్యత ఇందులో ఎక్కడా లేదు. బ్యాడ్జి నిజమైనదే అయినా అది బోధనకు పూచీ కాదు. నిజమైనదో కాదో చూడాలంటే సంస్థ సైటులోని బ్యాడ్జిని నొక్కి, గూగుల్ డాట్ కామ్‌లో ఆ సంస్థ పేరుతో పేజీ తెరుచుకుంటుందో లేదో చూడాలి.

మెటా సంగతి వేరు. మెటా శిక్షణ వేదిక బ్లూప్రింట్‌లో పాఠాలు ఉచితమే కానీ, ‘మెటా సర్టిఫైడ్ డిజిటల్ మార్కెటింగ్ అసోసియేట్’ పరీక్షకు ఫీజు ఉంటుంది, పర్యవేక్షణలో రాయాలి, గుర్తింపు కార్డు చూపాలి, 1000కి 700 రావాలి. అందుకే ఒకే ప్రశ్న అడగండి: ‘పరీక్ష ఫీజు ప్యాకేజీలో కలిసి ఉందా, ఆ మాట రసీదు మీద రాసిస్తారా?’ దాటవేశారంటే వాళ్లిచ్చేది మెటా లోగో అతికించిన సొంత కాగితమే.

ఇక ఆ పన్నెండో సర్టిఫికెట్‌ను దగ్గరగా చూద్దాం. బంగారు రంగు అంచు, పైన ‘ఇంటర్నేషనల్ కౌన్సిల్’ అనో ‘గ్లోబల్ బోర్డు’ అనో ఒక పేరు, రెండు సంతకాలు, కింద ఎడమ మూల క్యూఆర్ కోడ్, కుడి మూల నంబరు. కోడ్‌ను స్కాన్ చేసి, తెరుచుకున్న పేజీ కంటే ముందు అడ్రస్ బార్ చూడండి. మొదటి ఒంటి స్లాష్ దగ్గర ఆగి, అక్కణ్నుంచి ఎడమకు చదవాలి. అక్కడ ‘క్రెడ్లీ డాట్ కామ్ డాట్ ఫలానా డాట్ ఇన్’ అని ఉంటే ఆ సైటు డిజిటల్ సర్టిఫికెట్లు తనిఖీ చేసుకునే క్రెడ్లీది కాదు, ‘ఫలానా డాట్ ఇన్’ వాళ్లది. ముందున్న క్రెడ్లీ అన్న మాట ఎవరైనా తగిలించుకోవచ్చు. గూగుల్ డ్రైవ్‌లోని బొమ్మ తెరుచుకుంటే అది తనిఖీ కానే కాదు, అదే కాగితానికి ఇంకో కాపీ. తర్వాత సైటులోని తనిఖీ పెట్టెలో సర్టిఫికెట్ నంబరు చివరి అంకె మార్చి కొట్టండి. ఏం కొట్టినా ‘వెరిఫైడ్’ అని ఆకుపచ్చ టిక్కు వస్తోందంటే వెనక రికార్డే లేదు. ఆ కౌన్సిల్ డొమైన్ (వెబ్‌సైటు పేరు) ఎప్పుడు రిజిస్టరైందో, ఆ వివరాలు చూపే హూఈజ్‌లో చూడండి. ‘1998 నుంచి’ అని చెప్పుకునే కౌన్సిల్ వెబ్‌సైటు, ఈ సంస్థ వెబ్‌సైటు ఒకే నెలలో పుట్టి ఉంటే ఆ కౌన్సిల్‌ను ఎవరు పుట్టించారో ఇక అడగక్కర్లేదు.

ప్రభుత్వ ముద్రలకు భయపడేవాళ్లు, మురిసిపోయేవాళ్లు మన ఊళ్లలో ఎక్కువ. అందుకే ఈ ముక్క వివరంగా చెప్పాలి. ఎంఎస్ఎంఈ అంటే ఉద్యమ్ రిజిస్ట్రేషన్. ఆధార్, పాన్ ఉన్న చిన్న వ్యాపారి ఎవరైనా తన వివరాలు తానే నింపి ఉచితంగా తీసుకునేది. టిఫిన్ సెంటరుకూ వస్తుంది, కోచింగ్ సెంటరుకూ వస్తుంది. కోర్సును ఆమోదించే పని దానిది కాదు. ఐఎస్ఓ 9001 నిర్వహణ పద్ధతికి సంబంధించినది, సిలబస్‌కు కాదు. ఐఎస్ఓ సంస్థ స్వయంగా ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు, వేరే ధ్రువీకరణ సంస్థలు ఇస్తాయి. గుర్తింపున్న ధ్రువీకరణ సంస్థ ఇచ్చిందో లేదో ఐఏఎఫ్ సర్ట్‌సెర్చ్ అనే సైటులో వెతకొచ్చు. ‘గవర్నమెంట్ రిజిస్టర్డ్’ అన్నది చాలాసార్లు సొసైటీ, ట్రస్టు లేదా కంపెనీ రిజిస్ట్రేషనే. స్కిల్ ఇండియా పేరు వాడితే మాత్రం గట్టిగా నిలదీయండి: నేషనల్ క్వాలిఫికేషన్స్ రిజిస్టర్‌లో ఆ కోర్సు కోడ్ ఏది? సర్టిఫికెట్ ఇచ్చే సంస్థకు ఎన్‌సీవీఈటీ (వృత్తి విద్య, శిక్షణ జాతీయ మండలి) గుర్తింపు ఉందా? అసలు కోర్సయితే కోడ్ చెప్పడానికి నిమిషం పట్టదు.

డబ్బు దగ్గర చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. ఇలాంటి శిక్షణకు 18 శాతం జీఎస్టీ. 45 వేల మీద అది 8,100, మొత్తం 53,100. పన్ను వసూలు చేస్తే బిల్లు మీద 15 అక్షరాల జీఎస్టీఐఎన్ (జీఎస్టీ రిజిస్ట్రేషన్ నంబరు) ఉండాలి. మొదటి రెండంకెలు తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. జీఎస్టీ పోర్టల్లో కొడితే అసలు వ్యాపారం పేరు బయటపడుతుంది. యూపీఐలో పంపేముందు వచ్చే పేరు సంస్థదా, ఎవరో వ్యక్తిదా చూడండి. వ్యక్తి పేరైతే ఆపేయండి. ‘నో కాస్ట్ ఈఎంఐ’ అన్నది ఫీజు వాయిదా కాదు, మీ పేర అప్పు. ఫైనాన్స్ కంపెనీ సంస్థకు మొత్తం ముందే కట్టేస్తుంది. క్లాసులు ఆగిపోయినా మీ వాయిదాలు ఆగవు, కట్టకపోతే సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. డిజిటల్ రుణమైతే ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం కనీసం ఒక రోజు కూలింగ్ ఆఫ్ గడువు ఉంటుంది. ఆలోగా అసలు, అప్పటిదాకా అయిన వడ్డీ కట్టి జరిమానా లేకుండా బయటపడొచ్చు. ఎంత గడువో కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లో (అప్పు ముఖ్య షరతుల పత్రం) రాసి ఉంటుంది, సంతకానికి ముందు అడిగి చదవండి.

మరి ఈ ప్యాకేజీలో డబ్బు పెట్టదగ్గది ఏమీ లేదా? ఉంది. బోధన. మంచి గురువులు అమీర్‌పేటలోనూ ఉన్నారు, విజయవాడలోనూ ఉన్నారు. డెమో క్లాసులో సర్టిఫికెట్ల మాట పక్కనబెట్టి ఇవి అడగండి: నిజమైన ప్రకటన ఖాతాలో, నిజమైన బడ్జెట్‌తో ప్రాక్టీసు ఉంటుందా? ఆ ఖర్చు ఎవరిది? గూగుల్ ట్యాగ్ మేనేజర్‌తో కన్వర్షన్ ట్రాకింగ్ (ప్రకటన చూసి ఎందరు కొన్నారో, ఫారం నింపారో లెక్కించడం) ఎవరికి వారే పెట్టి చూపించాలా? జనం ఏ మాటలు వెతికితే ప్రకటన కనిపించిందో చెప్పే సెర్చ్ టర్మ్స్ రిపోర్టు తెరిచి పనికిరాని మాటలను నెగెటివ్ కీవర్డ్స్‌గా ఎలా తీసేస్తారో చేసి చూపిస్తారా? వీటికి తడుముకోకుండా జవాబిచ్చే చోట, కాగితాలు ఒక్కటీ ఇవ్వకపోయినా, తగిన ఫీజు కట్టొచ్చు. ప్యాకేజీగా చూస్తే మాత్రం మా రేటింగ్ ఐదుకు ఒకటి. ఆ ఒకటీ పాఠాలకే.

‘100 శాతం ప్లేస్‌మెంట్’ బోర్డు మీద ఉండి, రసీదులో ‘ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్’ అని మారుతుంది. ఉద్యోగం గ్యారంటీ అంటూ కోచింగ్ సంస్థలు తప్పుడు ప్రకటనలివ్వకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబర్‌లో మార్గదర్శకాలు ఇచ్చింది. రోజూ మళ్లీ మొదలయ్యే ‘ఇంకా 2 గంటలే’ గడియారం 2023 నాటి డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లను మాయచేసే వెబ్‌సైటు ఎత్తుగడలు) మార్గదర్శకాల్లో తప్పుడు తొందర కిందికి వస్తుంది.

ఇప్పటికే కట్టేసి ఉంటే రెండు దారులు. డబ్బు తీసుకుని మాయమైతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత త్వరగా చేస్తే ఖాతాలో డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. సంస్థ ఉంది, చెప్పినట్టు ఇవ్వలేదు అంటే 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. రెండింటికీ ప్రకటన సాక్ష్యం కావాలి, అది ముందు చెరిగిపోయేది కూడా. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలు వెతికి చూసే మెటా యాడ్ లైబ్రరీలో ఇలాంటి వ్యాపార ప్రకటనలు నడుస్తున్నంతసేపే కనిపిస్తాయి, ఆపగానే పోతాయి. కాబట్టి చేరేముందే అక్కడ సంస్థ పేజీ పేరు వెతికి, లైబ్రరీ ఐడీ నంబరు, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి, వాట్సాప్‌లో కాకుండా మీ మెయిల్‌కు పంపుకోండి.