మేన్‌కైండ్‌కి ఫ్రేమ్ కట్టించాను

జగదాంబ జంక్షన్ దగ్గర సందులోని ఫ్రేముల షాపులో, ‘మేన్‌కైండ్’ పేరుతో ఆడిన రెజ్లర్ మిక్ ఫోలీ పోస్టర్ కట్టించాను. 1998 జూన్ 28, పిట్స్‌బర్గ్. ప్రత్యర్థి అండర్‌టేకర్ విసిరేస్తే, రింగు చుట్టూ కట్టిన కేజ్ పైనుంచి 16 అడుగుల కింద టేబుల్ మీద పడ్డాడే, ఆ క్షణం. స్ట్రెచర్ దిగి మళ్లీ పైకెక్కాడు మహానుభావుడు! ఈసారి కేజ్ కప్పు ఊడి రింగులో పడ్డాడు. విరిగిన పన్ను ముక్కులో ఇరుక్కుంది. ఓడిపోయాడు, అయినా నాకు గుర్తున్నది ఆయనే.

"ఎవరు బాబూ ఈయన, పడిపోతుంటే ఫ్రేమ్ కట్టిస్తున్నావ్?" అన్నాడు షాపాయన.

మూలల అతుకుల్లో గోరు కూడా దూరదు. కానీ సరిగ్గా ఆ టేబుల్ దగ్గరే గాలి బుడగ! మళ్లీ అతికించడానికి రెండు రోజులు తిప్పాడు. 650 రూపాయలు. మా ఇల్లు బీచ్ రోడ్డు పక్కనంటే, ఇనుము తుప్పు పడుతుందని ఇత్తడి కొక్కెం వేశాడు, అడక్కుండానే.