కరెంటు లెక్క చూపే స్మార్ట్ ప్లగ్: రెండున్నరేళ్లు వాడాక

హనుమకొండలో మా ఇంటికి స్మార్ట్ మీటర్ ఇంకా రాలేదు, గోడకున్నది మామూలు ఎలక్ట్రానిక్ మీటరే. అందుకే వాట్లు, యూనిట్లు చూపించే 16 ఆంపియర్ల స్మార్ట్ ప్లగ్ ఒకటి కొన్నాను, సాకెట్‌కీ పరికరానికీ మధ్య పెట్టి ఫోన్ యాప్‌తో నడిపేది. అసలు కారణం చలికాలం బిల్లు. ఏసీ ముట్టుకోని నెలల్లో కూడా 205, 210 యూనిట్లు వచ్చేవి. తెలంగాణలో సరిగ్గా 200 దగ్గర ఆగితే మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80 చొప్పున ఎనర్జీ ఛార్జీలు 820 రూపాయలు, అదే 201 అయిందంటే మొత్తం 200కీ 5.10 లెక్క కట్టి ఆ పై యూనిట్‌కి 7.70 కలుపుతారు, 1,027 దాటుతుంది. ఒక్క యూనిట్‌కి రెండొందల పైన!

ప్లగ్ రాకముందే ఒక పని చేశాను, మీరూ చేయండి, పైసా ఖర్చు లేదు. మా మీటర్ మీద ఎర్ర లైటు పక్కన 3200 అని రాసి ఉంటుంది, అంటే అది 3200 సార్లు మెరిస్తే ఒక యూనిట్. రాత్రి పదకొండింటికి లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్ అన్నీ బంద్ చేసి ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని మీటర్ ముందు నిలబడ్డాను. ఇల్లంతా చీకటి, అయినా 18 సెకన్లకోసారి ఆ లైటు మెరుస్తూనే ఉంది. గంటకు 200 సార్లు, అంటే దాదాపు 62 వాట్లు. నెలకు 45 యూనిట్లు! నిజంగా కడుపు మండింది.

ఎవరు తింటున్నారో మీటర్ చెప్పదు, అది ప్లగ్ చెప్పింది. ఒక్కోదానికి ఒక రోజు పెట్టి చూశాను. బ్యాటరీ నిండినా ఇన్వర్టర్ 28 వాట్లు, రిమోట్‌తో ఆపిన సెట్‌టాప్ బాక్స్ 12, ఏసీల స్టెబిలైజర్లు రెండూ కలిపి 12, వైఫై రూటర్ 7. నేను అనుమానించిన టీవీ ఒక్క వాటే. ఇన్వర్టర్, రూటర్ జోలికి పోలేదు, స్టెబిలైజర్లు చలికాలమంతా గోడ స్విచ్ దగ్గరే ఆపేశాం.

సెట్‌టాప్ బాక్స్ దగ్గరే గొడవైంది. స్విచ్ తీస్తే మళ్లీ లేవడానికి రెండు నిమిషాలు, పొద్దున ఆరింటి వార్తలు పోతున్నాయని నాన్న ఒప్పుకోలేదు. అందుకని ప్లగ్‌ని దానికే వదిలేసి, ఐదు ముప్పావుకి ఆన్, తొమ్మిదింటికి ఆఫ్, మళ్లీ సాయంత్రం ఐదున్నర నుంచి పదిన్నర దాకా అని టైమర్ పెట్టాను. ఇప్పుడు నాన్నకి అది ఉందన్న సంగతే గుర్తులేదు. ప్లగ్ తినే ఒక వాటు తీసేసినా స్టెబిలైజర్లతో కలిపి నెలకు 13, 14 యూనిట్లు తగ్గాయి, రెండు చలికాలాలు 190, 195 దగ్గరే ఆగాం.

ఇబ్బందులూ ఉన్నాయి. రూటర్‌లో 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు వైఫైలుంటే 2.4 దానికే కలుస్తుంది, మొదటి రోజు గంటసేపు సతాయించింది. ఇంకోటి పెద్దది: ఫ్రిజ్‌కి పెట్టి కొలుస్తున్న రోజు కరెంటు పోయి వచ్చింది, ప్లగ్ మాత్రం ఆఫ్‌లోనే ఉండిపోయింది. పొద్దున చూస్తే ఇడ్లీ పిండి పులిసి గిన్నెలోంచి పొంగింది, రెండు లీటర్ల పాలు విరిగాయి, అమ్మ చాలా బాధపడింది. కరెంటు తిరిగొచ్చాక పాత స్థితికి రావాలనే సెట్టింగ్ యాప్‌లో ఉంటుంది, కొన్న రోజే అది మార్చండి. ఫ్రిజ్‌ని కొలిచాక మాత్రం ప్లగ్ తీసేయండి. నాలుగు ప్లగ్‌ల ప్యాక్ కొనకండి, ఒక్కటి చాలు.